పాత అడకత్తెర, సున్నపు కాయ, పాన్‌దాన్: చెక్కడం అరగకుండా బాగుచేసుకునే పద్ధతి

పండగకు అటక దులుపుతుంటే బయటపడ్డ అడకత్తెర తుప్పు ఎలా వదిలించాలి, బిగుసుకుపోయిన సున్నపు కాయ (తాంబూలపు సున్నం పెట్టుకునే చిన్న డబ్బీ) మూత ఎలా తీయాలి అని చాలామంది అడుగుతూ ఉంటారు. అడిగేసరికే సగంమంది చింతపండు పట్టించేసి ఉంటారు. ఏళ్ల తరబడి వాడినా చెక్కుచెదరని చిలక ముక్కు, నెమలి పింఛం గీతలు ఒక్క పూట తోముడుకు అరిగిపోతాయి. అందుకే ఇక్కడ పాలిష్ కంటే ముందు చేయాల్సిన పనులకే ఎక్కువ చోటు ఇచ్చాను.

ఇది సామాను గురించి మాత్రమే. వక్క మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004 నివేదికలో స్పష్టంగా చెప్పింది. అడకత్తెరకు పదును పెట్టుకున్నంత మాత్రాన అలవాటు మొదలుపెట్టనక్కర్లేదు.

1. ముందు ఏ లోహమో తేల్చుకోండి

తాంబూలం సామాను ఒకే లోహంతో ఉండడం అరుదు. అడకత్తెర పిడులు ఇత్తడివి, కత్తి ఇనుముది. పాన్‌దాన్ (తాంబూలం పెట్టె) బయట రాగి లేదా ఇత్తడి, లోపల కళాయి పూత. ఒకదానికి మంచి చేసే మందు పక్కదాన్ని తినేస్తుంది.

ఫ్రిజ్‌కి అంటించే మాగ్నెట్ ఒకటి తీసుకుని ప్రతి భాగానికీ ఆనించి చూడండి.

- అంటుకుంటే ఇనుము లేదా ఉక్కు.
- అంటుకోకుండా పసుపు రంగులో ఉంటే ఇత్తడి. ఎర్రగా ఉంటే రాగి.
- అంటుకోకుండా నల్లగా ఉండి, ఆ నలుపు మీద తెల్లని పూలు, తీగలు పొదిగి ఉంటే బిద్రీ కావచ్చు. హైదరాబాద్, బీదర్ వైపు కుటుంబాల్లో ఈ పాన్‌దాన్‌లు ఎక్కువగా కనిపిస్తాయి.
- సన్నని వెండి తీగలు అల్లినట్టు ఉంటే ఫిలిగ్రీ. కరీంనగర్ పని దీనికి పేరు మోసింది.
- పసుపు రంగులో ఉన్నా మాగ్నెట్ అంటుకుంటే ఇనుము మీద ఇత్తడి పూత. దాన్ని అసలు తోమకండి, పూత లేచిపోతుంది.

బిద్రీ అని కాస్త అనుమానం వచ్చినా 7వ భాగం చదివేదాకా నీళ్లు కూడా తగలనివ్వకండి.

2. తోమకముందు చూడాల్సినవి

పగటి వెలుగులో అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయండి. కీలు దగ్గర, మూత లోపల, అడుగున మరింత దగ్గరగా తీయండి. విప్పిన భాగం తిరిగి ఎటు పెట్టాలో తెలియక ఇబ్బంది పడినప్పుడు ఈ ఫోటోలే దిక్కు.

మన ఇళ్లలో ఇత్తడి సామాను మీద చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టించడం మామూలే. తాంబూలపు పళ్లెం అంచున, పెట్టె అడుగున ఇంటిపేరో, పెళ్లి తేదీనో ఉండొచ్చు. ఈ చుక్కలు లోతుగా ఉండవు. గట్టిగా తోమితే ముందు పోయేవి ఇవే. నా దృష్టిలో మొత్తం వస్తువు మీద అన్నిటికంటే విలువైన పని ఇదే. ఏ కంచరి దగ్గరికి వెళ్లినా దీన్ని తిరిగి అలాగే తెప్పించలేరు.

అడకత్తెర చిలక ఆకారంలో ఉంటే కన్ను చూడండి. గాజు పూస లేదా లక్క చుక్క ఉండొచ్చు. లక్క వేడి నీళ్లకు మెత్తబడి ఊడిపోతుంది.

మొదలుపెట్టే ముందు చెక్‌లిస్ట్:

- ఫోటోలు తీశారా?
- పేరు, తేదీ, గుర్తు ఎక్కడున్నాయో చూశారా?
- గాజు, లక్క, చెక్క, రంగు ఉన్న భాగాలు గుర్తించారా?
- వాడడానికా, అలంకారానికా, అమ్మడానికా? అమ్మడానికైతే దుమ్ము తుడిచి ఆపేయండి. పాత సామాను కొనేవాళ్లలో చాలామంది తళతళలాడే వస్తువుకు తక్కువ ధర కడతారు.

3. దగ్గర పెట్టుకోవాల్సిన సరంజామా

మెత్తని పాత నూలు బట్టలు (పంచె ముక్కలు చాలా బాగుంటాయి), పిల్లల టూత్‌బ్రష్, దూది పుల్లలు, వెదురు టూత్‌పిక్‌లు, గిన్నెలు తోమే లిక్విడ్, తెల్ల వెనిగర్, సుద్దపొడి, కుట్టు మిషన్ నూనె, కిరోసిన్, బాగా సన్నని స్టీల్ ఊల్ (నాలుగు సున్నాల రకం), చిన్న సానరాయి. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు.

దగ్గర పెట్టుకోకూడనివి: గిన్నెలు తోమే ఇనుప పీచు, ముగ్గుపిండి, ఇటుక పొడి, బాత్‌రూమ్ యాసిడ్. ముగ్గుపిండిని సుద్దపొడి అనుకుని వాడేవాళ్లున్నారు. దానిలో రాతి నలుసులుంటాయి, గీతలు పడతాయి.

4. సున్నపు కాయ: పనంతా ఇక్కడి నుంచే

సున్నపు కాయతో మొదలుపెట్టండి. దానిలోంచి రాలే పొడి మిగతా వాటిమీద పడుతుంది. వాటిని ముందే తుడిచిపెట్టుకుంటే రెండోసారి చేయాల్సి వస్తుంది.

లోపల రాయిలా గట్టిపడింది ఇప్పుడు పాత సున్నం కాదు. తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని సుద్దరాయిగా మారింది. మంచి నీళ్లకు అది కరగదు, పలచని పులుపుకు కరుగుతుంది.

అయితే ఆ పెంకు కింద ఇంకా మారని సున్నం ఉండొచ్చు. అది కంట్లో పడితే ప్రమాదం. నోటితో ఊదడం, పొడిగా గోకడం రెండూ వద్దు. అద్దాలు పెట్టుకుని తడిపాకే ముట్టుకోండి. పొరపాటున కంట్లో పడితే వెంటనే చాలాసేపు ధారగా నీళ్లు పోసి కడిగి, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మూత రాకపోతే:

1. గోరువెచ్చని నీళ్లలో గంటసేపు ఉంచండి. లక్క ఉన్నదైతే చన్నీళ్లే వాడండి.
2. మూత, కాయ కలిసే సందులో నాలుగైదు చుక్కల వెనిగర్ వేయండి. చిన్న బుడగలు వస్తాయి. అవి ఆగాక మళ్లీ వేయండి.
3. చెక్క గరిటె కాడతో మూత చుట్టూ మెల్లగా తట్టండి.
4. రబ్బరు గ్లవ్స్ వేసుకుని తిప్పండి. కొన్ని మూతలు స్క్రూలా తిరుగుతాయి, కొన్ని ఊరికే పైకి లాగేవి. కొన్నిటికి ఒక పక్క బందు ఉంటుంది. ఏ రకమో చూసుకోకుండా బలం పెట్టకండి.

పట్టకారు వద్దు. సున్నపు కాయల రేకు పలచన, నొక్కుకుపోతే తిరిగి గుండ్రంగా రాదు.

మూత వచ్చాక ఒక వంతు వెనిగర్‌కు నాలుగు వంతుల నీళ్లు కలిపి లోపల పోయండి. ఐదు నిమిషాలకు పారబోసి, మెత్తబడిన పొరను వెదురు పుల్లతో తీసి, మళ్లీ పోయండి. ఇలా ఎన్నిసార్లయినా చేయొచ్చు. రాత్రంతా నానబెట్టడం మాత్రం తప్పు. ఇత్తడిలో రాగి, జింకు ఉంటాయి. పులుపులో ఎక్కువసేపు ఉంటే జింకు ముందు కరిగిపోయి, పైన గులాబీ రంగు మచ్చలు తేలతాయి.

సున్నం తీసే చిన్న పుల్ల గొలుసుకు వేలాడుతూ ఉంటే ఆ గొలుసును విడిగా, పళ్లెంలో పెట్టి కడగండి. సింక్‌లో కడిగితే ఊడిన కొక్కెం కాలువ పాలే.

5. ఇత్తడి, రాగి: పెట్టె, పళ్లెం, తమ్మపడిగ (ఉమ్మి వేసే పాత్ర), చిన్న రోలు

ముందు జిడ్డు, తర్వాత మరక, ఆ తర్వాతే మెరుపు. అందరూ తలకిందులుగా చేసేది ఇక్కడే. జిడ్డు పోకుండా పాలిష్ పెడితే ఆ పొడి జిడ్డుతో కలిసి చెక్కడం గాడుల్లో తెల్లగా ఇరుక్కుపోతుంది.

గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల లిక్విడ్ వేసి టూత్‌బ్రష్‌తో గీత వెంట కడగండి, గీతకు అడ్డంగా రుద్దకండి. తాంబూలంలో వేసే కాచు మరకలు ఎర్రగా, మొండిగా కనిపిస్తాయి కానీ కాచు వేడి నీళ్లకు కరుగుతుంది. మరక మీద వేడి నీళ్లలో ముంచిన గుడ్డ పది నిమిషాలు వేసి ఉంచితే చాలావరకు వదులుతుంది. వక్కాకు దంచే చిన్న రోలు, తమ్మపడిగ లోపలి మరకలకూ ఇదే మందు.

పచ్చగా పట్టిన చిలుము విషం. గ్లవ్స్ వేసుకుని, ఒక చుక్క నూనె వేసి, కాసేపాగి వెదురు పుల్లతో లేపండి.

ఇక చింతపండు సంగతి. బామ్మలు చింతపండు, ఉప్పు కలిపి తోమేవారు కదా అంటారు. బిందెకు, చెంబుకు అది సరిపోతుంది. చెక్కడం ఉన్నదానికి ఉప్పుతోనే పేచీ. ఉప్పు పలుకులు గీస్తాయి. కడిగాక గాడుల్లో మిగిలిన ఉప్పు, గాలిలో తేమ కలిసి కొన్ని వారాల్లో మళ్లీ చిలుము పట్టిస్తాయి. చింతపండు వాడాలనే ఉంటే ఉప్పు లేకుండా, గుజ్జు వడకట్టి, పలచని రసంతో ఒక్క నిమిషం తుడిచి బాగా కడిగేయండి. షాపులో దొరికే తోముడు పొడులు కూడా నున్నటి చోట్లకే.

మెరుపు కావాలంటే సుద్దపొడిని నీళ్లతో పేస్టులా కలిపి, గుడ్డ వేలికి చుట్టుకుని ఎత్తుగా ఉన్న భాగాల మీద మాత్రం రాయండి. గాడుల్లో నలుపు వదిలేయండి. ఆ నలుపు ఉంటేనే ఆకులు, హంసలు, తీగలు విడివిడిగా కనిపిస్తాయి. గాడులు కూడా మెరిసేలా తోమిన పెట్టె కొత్త రేకు డబ్బాలా కనిపిస్తుంది.

కడిగిన వెంటనే తుడిచి, జాలీ మూతల్లో, బందుల్లో నీళ్లు దాక్కోకుండా హెయిర్ డ్రయర్ తక్కువ వేడి మీద పెట్టి ఆరబెట్టండి. ఎండలో అరగంట ఉంచినా చాలు, చెక్క లేదా లక్క ఉన్నదైతే నీడే.

6. అడకత్తెర: తుప్పు, కీలు, పదును

*తుప్పు.* కత్తి మీద రెండు రంగులు ఉంటాయి. ఎర్రగా పొడిలా రాలేది తుప్పు, అది తీయాలి. నల్లగా నున్నగా అంటుకుని ఉన్నది వక్కలోని వగరు పదార్థం ఇనుముతో కలిసి కట్టిన పొర. దాన్ని ఉంచండి, కత్తికి కొంత రక్షణ కూడా ఇస్తుంది.

కిరోసిన్‌లో తడిపిన గుడ్డను కత్తికి మాత్రం చుట్టి ఒక రాత్రి ఉంచండి. దగ్గర్లో దీపం, పొయ్యి లేకుండా చూసుకోండి. పొద్దున స్టీల్ ఊల్‌తో పొడవువెంట మెల్లగా రుద్దితే తుప్పు ముద్దలా వస్తుంది. గుంటలు పడ్డ చోట లోతుగా గీకకండి. వెనిగర్, నిమ్మరసం కీలు దగ్గరికి రానివ్వకండి. లోపలికి దిగిన పులుపు బయటికి రాదు, మేకును లోపలి నుంచే తింటుంది.

*బిగుసుకున్న కీలు.* రెండు వైపులా మిషన్ నూనె రెండేసి చుక్కలు వేసి మర్నాటిదాకా వదిలేయండి. తర్వాత అడకత్తెర చేతులు రెండూ పట్టుకుని వెంట్రుకవాసి మేర అటూ ఇటూ కదపండి. మళ్లీ నూనె. మూడు, నాలుగు రోజులు పట్టినా ఫర్వాలేదు. కాళ్ల కింద వేసి లాగితే విరిగేది కీలు దగ్గర కాదు, చిలక మెడ దగ్గర. పోత ఇత్తడి వంగకముందే పుటుక్కుమంటుంది. విరిగిన ఇత్తడిని మామూలు వెల్డింగ్ షాపులో అతికించబోతే నగిషీ కరిగిపోతుంది.

*వదులైన కీలు.* మేకు తల సాదాగా ఉంటే ఇంట్లో బిగించుకోవచ్చు. అడకత్తెర రెండు చేతుల మధ్య ఒక పలచని కాగితం పెట్టండి. ఒక వైపు తలను గట్టి ఇనుప దిమ్మ మీద ఆనించి, రెండో తల అంచుల చుట్టూ చిన్న గుండ్రటి సుత్తితో తేలికగా కొట్టండి. నాలుగు దెబ్బలకు ఒకసారి తెరిచి, మూసి చూడండి. కాగితం లాగేస్తే మిగిలే ఆ సందే కావాల్సింది. మేకు తల పువ్వులా చెక్కి ఉంటే మీరు ముట్టుకోకుండా కంచరికి ఇవ్వండి.

*పదును.* ముందు కత్తిని వెలుగుకు పట్టి చూడండి. చాలా అడకత్తెరలకు ఒక ముఖం చదునుగా, రెండోది ఏటవాలుగా ఉంటుంది. ఏటవాలు వైపు మాత్రమే నూరాలి. కింది చెయ్యి వక్కను మోసే పీట, దానికి పదును అక్కర్లేదు.

1. ఏటవాలు మీద మార్కర్ పెన్‌తో రంగు పూయండి.
2. కింది చేతికి గుడ్డ చుట్టి బల్ల అంచున కదలకుండా పట్టించండి. అడకత్తెరను పూర్తిగా తెరవండి.
3. సానరాయిని నీళ్లలో ముంచి, రాయినే కత్తి మీద నడపండి. కత్తిని రాయి మీద నడపబోతే పిడి అడ్డొస్తుంది.
4. నాలుగైదు సార్లు నడిపి ఇంకు ఎక్కడ పోయిందో చూడండి. పైన మాత్రమే పోతే కోణం తక్కువైంది, అంచు దగ్గర మాత్రమే పోతే ఎక్కువైంది. ఏటవాలంతా సమానంగా పోతే అదే పాత పనివాడు పెట్టిన కోణం. దాన్నే పట్టుకోండి.
5. వెనక ముఖం మీద వేలిని అంచు వైపుకు మెల్లగా జరిపితే సన్నని గరుకు తగులుతుంది. అంచు పొడవునా అది తగిలాక ఆపండి.
6. రాయిని వెనక ముఖం మీద పూర్తిగా చదునుగా ఆనించి ఒకటి రెండు సార్లు నడిపితే ఆ గరుకు పోతుంది.

వీధిలో చక్రం మీద సాన పట్టించడం, గ్రైండర్ పెట్టించడం వద్దు. నిప్పురవ్వలు లేచేంత వేడికి అంచు నీలంగా మారితే ఉక్కు టెంపర్ (గట్టిదనం) పోయినట్టే, పదును నిలవదు. పైగా చాలామంది అలవాటు కొద్దీ రెండు వైపులా నూరేస్తారు. అప్పుడు కత్తి వక్కను కోసేటప్పుడు పక్కకు జారుతుంది.

పరీక్షించేటప్పుడు వక్కను కీలుకు దగ్గరగా పెట్టండి. కొసన పెట్టి నొక్కితే బలమంతా పిడుల మీద పడి అవి వంగుతాయి. అటకల మీద దొరికే వంకర అడకత్తెరల్లో చాలావాటి కథ ఇదే.

అలంకారానికే అయితే, ఇంట్లో చిన్నపిల్లలుంటే, పదును జోలికే వెళ్లకండి.

7. బిద్రీ, వెండి

బిద్రీ లోహంలో ఎక్కువ భాగం జింకు, కొద్దిగా రాగి. పులుపు తగిలితే జింకు కరుగుతుంది. పైనున్న నలుపు మురికి కాదు. బీదర్ కోట మట్టి, నవాసారం కలిపిన ద్రావణంతో పనివాళ్లు తెప్పించిన రంగు అది. ఇత్తడి పాలిష్, చింతపండు, టూత్‌పేస్టు ఏది పెట్టినా నలుపు బూడిద రంగుకు తిరుగుతుంది.

పొడి నూలు గుడ్డతో దుమ్ము తుడిచి, దూది మీద ఒకే ఒక్క చుక్క కొబ్బరి నూనె వేసి రాసి, వెంటనే పొడి గుడ్డతో తుడిచేయండి. అంతే. నలుపు ఇప్పటికే పోయి ఉంటే బూట్ పాలిష్ పూయకుండా బీదర్ పనివాళ్ల దగ్గరికి పంపండి, తిరిగి నలుపు ఎక్కిస్తారు.

సాదా వెండి సున్నపు డబ్బీ నల్లబడితే అల్యూమినియం ఫాయిల్ పరిచిన గిన్నెలో పెట్టి, వంటసోడా కలిపిన వేడి నీళ్లు పోయండి. కొన్ని నిమిషాల్లో తేరుకుంటుంది. రాళ్లు, లక్క, కావాలని నలుపు ఎక్కించిన నగిషీ ఉంటే ఈ పద్ధతి వద్దు. విభూతితో తుడిచే అలవాటు ఉంటే మెత్తగా జల్లించిందే వాడండి. ఫిలిగ్రీకి బ్రష్ తగలకూడదు, తీగలు కొక్కెంలా లేస్తాయి. సబ్బు నీళ్లలో ముంచి, మంచి నీళ్లలో ముంచి, గుడ్డ మీద ఆరనివ్వండి.

8. కళాయి ఎప్పుడు పెట్టించాలి

పాన్‌దాన్ లోపలి గిన్నెల్లో తెల్లని పూత కింద రాగి రంగు కనిపిస్తోందా? వాటిలో ఏలకులో, సోంపో పెట్టి అతిథులకు ఇవ్వాలనుకుంటే కళాయి తప్పదు. అద్దాల బీరువాలో పెట్టేదైతే అవసరం లేదు.

కళాయి వేసేవాళ్లకు ఇచ్చేటప్పుడు లోపల మాత్రమే అని గట్టిగా చెప్పండి. సీసం కలవని మంచి తగరం వాడమనండి. గిన్నెను నిప్పుల మీద కాల్చాల్సి ఉంటుంది కాబట్టి పెట్టెకు అతికించి ఉన్నవాటిని ఇవ్వకండి. పాత అతుకులు ఆ వేడికి ఊడతాయి.

9. పొరపాటు జరిగిపోతే

- గులాబీ మచ్చలు: సుద్దపొడి పేస్టుతో మెల్లగా, విడతలుగా. పలచని మచ్చ పోతుంది, లోతుగా పట్టింది ఉండిపోతుంది.
- గాడుల్లో తెల్ల పొడి: ఒక చుక్క నూనె వేసి, మెత్తబడ్డాక పొడి టూత్‌బ్రష్.
- కడిగిన వారానికే చిలుము: ఉప్పు మిగిలింది. ఫిల్టర్ నీళ్లలో రెండు మూడుసార్లు నానబెట్టి, పూర్తిగా ఆరబెట్టండి.
- కత్తి మీద మర్నాడే ఎర్రటి చుక్కలు: ఆరకముందే దాచారు. స్టీల్ ఊల్, తర్వాత నూనె.
- ఊడిన గాజు కన్ను: సూపర్‌గ్లూ వద్దు, చుట్టూ తెల్ల మసక పడుతుంది. లక్కతోనే అతికించమని కంసాలిని అడగండి.

10. దాచడం, ప్రయాణం

పూర్తిగా ఆరాక కత్తికి మిషన్ నూనె, ఇత్తడికి తేనెమైనం పలచగా రాసి తుడవండి. ఆ తర్వాత పొడి నూలు గుడ్డలో చుట్టండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఆరు నెలలకోసారి తీసి చూడక తప్పదు. అనంతపురంలో ఏడాదికోసారి చాలు.

- అడకత్తెరను కాస్త తెరిచి ఉంచండి. మూసి ఉంటే అంచు దగ్గర తేమ నిలుస్తుంది.
- రబ్బరు బ్యాండ్లు వెండికి దూరం. వాటిలోని గంధకం నల్ల చారలు వేస్తుంది.
- ప్లాస్టిక్ కవర్లో గట్టిగా కట్టకండి. సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేయండి.
- సున్నపు కాయ మూతను బిగించకుండా ఊరికే ఆనించండి.

విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపాలనుకునేవాళ్లకు ఒక మాట. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం, కనీసం 100 ఏళ్ల వయసున్న ఇలాంటి కళావస్తువులను మామూలు మనుషులు దేశం దాటించకూడదు. అంత పాతది కాకపోయినా చూడ్డానికి పాతగా ఉంటే కస్టమ్స్ వాళ్లు ఆపొచ్చు. ఇది పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వే శాఖ ఇచ్చే ధ్రువపత్రం ప్రయాణానికి ముందే తీసుకోండి. 2వ భాగంలో తీసిన ఫోటోలు అక్కడ పనికొస్తాయి. ఇక అడకత్తెర కత్తి కిందికే వస్తుంది. దాన్ని చేతి సంచిలో కాకుండా చెక్ ఇన్ చేసే సూట్‌కేసులో, అంచుకు అట్టముక్క కట్టి పెట్టండి.